పంటిలోని ఖనిజాన్ని కొలిచే విధానాలు

సుశ్రుతుడు ఎముకలను ఐదు రకాలుగా విభజించి, దంతాలను రుచకాస్థులన్నాడు. ఎముకకూ పంటికీ గల ఈ బంధుత్వం ప్రయోగశాలలోనూ కనిపిస్తుంది. రెండింటిలోనూ ప్రధాన ఖనిజం కాల్షియం, ఫాస్ఫేట్లతో ఏర్పడిన ఎపటైట్ జాతిదే. పాళ్లు మాత్రం వేరు. పంటి పైపొర అయిన ఎనామెల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. లోపలి డెంటిన్‌లో అది దాదాపు 70 శాతం.

ఈ అంకెలు తేల్చే పాత పద్ధతి మన వైద్యులకు కొత్తది కాని భస్మీకరణమే. ఊడిన పంటిని ఎండబెట్టి, తూచి, కొలిమిలో సుమారు 600 డిగ్రీల వేడికి గురిచేస్తారు. మాంసకృత్తులు కాలిపోగా మిగిలిన బూడిద బరువే స్థూలంగా ఖనిజపు బరువు. దానిని ఆమ్లంలో కరిగించి జ్వాలలోకి చిమ్మితే, కాల్షియం పరమాణువులు పీల్చుకున్న కాంతిని బట్టి కాల్షియం ఎంతో తెలుస్తుంది. ఫ్లోరైడ్‌ను కొలవడానికి 1966 నుండి ప్రత్యేక ఎలక్ట్రోడ్ ఉన్నది.

అయితే ఇవన్నీ సగటు లెక్కలు. నష్టం ఎంత లోతున జరిగిందో తెలియాలంటే మైక్రోరేడియోగ్రఫీ కావాలి. పంటిని మిల్లీమీటరులో పదోవంతు మందాన కోసి, మెట్లుమెట్లుగా అమర్చిన అల్యూమినియం రేకుతోపాటు ఎక్స్‌రే తీస్తారు. ఖనిజం తగ్గినచోట కిరణాలు అధికంగా దూరి ఫిల్ము నల్లబడుతుంది. ఆ నలుపును రేకు మెట్లతో పోల్చి, ఏ లోతున ఎంత ఖనిజమున్నదో గణిస్తారు.

1937లో నాటి నెల్లూరు జిల్లా నుండి వైద్యలోకం దృష్టికి వచ్చి, తరువాత నల్గొండ పేరుతో ముడిపడిన ఫ్లోరోసిస్ విషయంలో ఈ పరీక్షలు ఒక వింతను చూపాయి. గారపట్టిన ఆ పళ్లలో ఫ్లోరైడ్ అధికం. అయినను పైపూత దిగువన ఖనిజం తక్కువ, సూక్ష్మరంధ్రాలు ఎక్కువ. అనగా ఆ మచ్చ మురికి కాదు, పన్ను రూపొందేటప్పుడే ఏర్పడిన లోపం. పెళ్లిచూపులకు ముందు నిమ్మచెక్కతోనో ఇటుకపొడితోనో తోమిస్తే అది పోదు సరికదా, ఉన్న ఎనామెల్ కూడా అరుగుతుంది. ఎనామెల్ సుమారు 5.5 పి.హెచ్. వద్దనే కరగనారంభిస్తుంది; నిమ్మరసానిది 2, 3ల మధ్య. ఆమ్లంలో నానిన పంటిపై వజ్రపు మొనతో నొక్కితే గుంట పెద్దదిగా పడుతుంది. కాఠిన్య పరీక్ష అంటే ఇదే.

పులుపు తిన్న వెంటనే పళ్లు తోమరాదు. నీటితో పుక్కిలించి, అరగంటసేపు లాలాజలాన్ని దాని పని చేయనీయాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇంట తాగునీటిని పరీక్ష చేయించడం అవసరం, లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదు. ఆ నీటిని మరగబెట్టినందువల్ల ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరినకొద్దీ మరింత చిక్కబడుతుంది.