మూతపడ్డ సినిమా హాలును ఏం చేయొచ్చు?

ప్రశ్న: మా హాలు మూతపడింది. కూల్చాలా, కల్యాణ మండపంగా మార్చొచ్చా?

జవాబు: దయచేసి కూల్చకండి. స్తంభాలు అడ్డులేని అంత పెద్ద హాలు మళ్లీ కట్టాలంటే చాలా ఖర్చు. ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. పైకప్పు ఇనుప ట్రస్సులు గోడ మీద ఆనే చోట వాననీరు చేరి తుప్పు పడుతుంది. అక్కడ ప్లాస్టరింగ్ చెక్కించి మరీ చూడాలి. తెరవైపు వాలుగా దిగే నేలను వదులు మట్టితో నింపేస్తే తర్వాత కుంగి టైల్స్ పగులుతాయి. పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించండి. ఇనుప ఫ్రేము మీద కొత్త నేల వేయిస్తే ఇంకా మేలు, కింద సామాను గది మిగులుతుంది. సినిమా లైసెన్సు కల్యాణ మండపానికి చెల్లదు. మున్సిపాలిటీలో వినియోగ మార్పుకు అనుమతి, అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ అడగండి. పాత హాలును ఇలా మార్చినదానికి ఓ ఉదాహరణ: బ్యూనస్ ఎయిర్స్‌లో 1919 నాటి గ్రాండ్ స్ప్లెండిడ్ థియేటర్ 2000లో పుస్తకాల షాపయింది. వేదిక మీద ఇప్పుడు కేఫ్ నడుస్తోంది, బాల్కనీలు చెక్కుచెదరలేదు. మీ బాల్కనీనీ ఉంచండి, భోజనాల హాలుకు పనికొస్తుంది.