పొద్దు కరెంటు – బాయి మోటరు

విద్యుచ్ఛక్తి లేని జీవితాన్ని నేడు మనం ఊహించలేము. స్విచ్చి వేయగానే వెలుగు వస్తుంది గనుక దాని వెనుక ఎంత తంటా ఉన్నదో ఆలోచించము. నాకు ఆ ఆలోచన కలిగించినది పాఠ్యపుస్తకం కాదు, మా బాపు.

ఒకనాడు రామగుండం మీదుగా పోతూ, అక్కడి ఎన్.టి.పి.సి. జలాశయంలో నీటిపై తేలే సౌర ఫలకాల గురించి ఆయనకు చెప్పినాను. "మొగులైతే ఆ కరెంటు ఏమైతదిరా? మన మోటరు బందైతదా?" అని అడిగిండు. వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నమే.

కరెంటును వడ్లవలె గుమ్మిలో పోసి ఉంచడం సులభం కాదు. ఏ క్షణాన ఎంత వాడుతామో ఆ క్షణాన అంతే పుట్టాలి. ఈ సమతూకానికి కొలమానం ఫ్రీక్వెన్సీ. మన దేశంలో అది సెకండుకు 50 ఆవృత్తులు. బండి మీద బరువు పెరిగితే ఎడ్ల నడక మందగిస్తుంది, తగ్గితే ఉరుకుతాయి. గ్రిడ్ కూడా అంతే. వాడకం పెరిగితే ఫ్రీక్వెన్సీ దిగుతుంది, ఉత్పత్తి మిగిలితే ఎక్కుతుంది. హద్దు దాటితే గ్రిడ్ కూలుతుంది.

1983లో మొదలై 2,600 మెగావాట్లకు పెరిగిన రామగుండం బొగ్గు కేంద్రంలో టర్బైన్లు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతాయి. ఎక్కడ లోటు వచ్చినా, టన్నుల బరువు గల ఆ చక్రాల జడత్వం మొదటి కొన్ని సెకండ్లు ఆదుకుంటుంది. సౌర ఫలకంలో తిరిగే భాగమే లేదు, కావున ఆ ఆసరా దానంతటది రాదు.

2022 జూలై 1 నాటికి పూర్తిగా పనిలోకి వచ్చిన తేలే సౌర కేంద్రం శక్తి 100 మెగావాట్లు. 500 ఎకరాల నీటిపై 40 బ్లాకులుగా ఉన్నది. 5 హార్స్‌పవర్ మోటరుకు 3.7 కిలోవాట్లు అనుకుంటే, నడినెత్తి ఎండలో సుమారు 27 వేల మోటర్లకు సరిపోతుంది. పొద్దుగూకినంక ఒక్క మోటరుకూ చాలదు. రాష్ట్రంలోని సౌర కేంద్రాలన్నీ ఇట్లే ఒక్కసారిగా తగ్గే వేళకే ఇండ్లలో దీపాలు వెలుగుతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

దీనికి ఉపాయాలు లేకపోలేదు.

మొదటిది, విస్తృతమైన అల్లిక. రామగుండంలో మొగులైతే వేరొకచోట ఎండ ఉంటుంది. వానాకాలంలో ఎండ తగ్గినా రాయలసీమ గుట్టల మీద గాలి మరలు బాగా తిరుగుతాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు – షోలాపూరు లైనుతో దక్షిణ గ్రిడ్ దేశ గ్రిడ్‌తో ఏకమైనది.

రెండవది, బొగ్గు కేంద్రం వంగడం నేర్చుకోవాలి. 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం యూనిట్లు 40 శాతం వరకు దిగగలగాలి. అంటే 500 మెగావాట్ల యూనిట్ పగలు 200కు దిగి, సాయంత్రం మళ్ళీ ఎక్కాలి. అయితే ఇందువల్ల యంత్రం అరుగుదల పెరుగుతుంది.

మూడవది, నిల్వ. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నవి. అవి మిగులు కరెంటుతో నీటిని వెనక్కి ఎత్తి, అవసరమైనప్పుడు అదే నీటితో కరెంటు పుట్టించగలవు.

నాలుగవది మా బాయి మోటరు!

నా చిన్నతనంలో కరెంటు వంతులవారీగా వచ్చేది. మా వంతు తరచు రాత్రి పడేది. బాపు టార్చిలైటు పట్టుకొని బాయికాడికి పోతే, తిరిగి వచ్చేదాకా అమ్మకు కన్ను మూతపడేది కాదు. ఒడ్ల మీద పాములు, తడి చేతుల కింద స్టార్టరు డబ్బా. ఆ బాధకని ఆటోస్టార్టర్లు పెట్టుకుంటే, కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారి లేచి ట్రాన్స్‌ఫార్మరు కాలేది. మోటరు లేచేటప్పుడు మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది మరి! 2018 జనవరి 1 నుండి సేద్యానికి 24 గంటల సరఫరా మొదలైనాకనే ఆ భయం తగ్గింది.

రాత్రి వంతుకు కారణం, ఇతరుల వాడకం తగ్గి కరెంటు రాత్రి మిగలడమే. ఇప్పుడు సూర్యుని వల్ల మిగులు మధ్యాహ్నానికి మారుతున్నది. దీపం రాత్రే కావాలి గాని, వరి మడికి నీళ్ళు పగలు పారినా చాలు. అనగా గ్రిడ్‌కు ఏది మేలో రైతుకూ అదే మేలు. సౌర విద్యుత్తును మొదట పగటి మోటర్లకు కేటాయిస్తే గ్రిడ్ నిలబడుతుంది, రైతు రాత్రి ఇంట్లో పండుకుంటాడు. అయితే కరెంటు ఉన్నది గదా అని నీళ్ళు వృథా చేస్తే బాయే ఎండిపోతుంది.

"ఒక్కచోట మొగులైతే మోటరు బందు కాదు బాపూ, దేశమంతా కలిసి మోస్తది. కాని మనం కూడా పగటిపూటే నడుపుకోవాలె" అని చెప్పినాను. "పగలిస్తే రాత్రి ఎవడు పోతడురా!" అన్నడు.

విజ్ఞానశాస్త్రం చదివే మన విద్యార్థులు ఈ లెక్కను ఊరూరా రైతులకు వివరించగలిగితే మన చదువుకు సార్థకత చేకూరుతుంది.