రేడియేషన్ దగ్గర ఉద్యోగం... భయపడాలా?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ పూర్తిచేశాను. న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు కావాలని ఉంది. రేడియేషన్ వల్ల ముందుముందు పిల్లలు పుట్టరని ఇంట్లో వద్దంటున్నారు. ఏం చేయను?
- ఓ పాఠకురాలు, నంద్యాల

జవాబు: చదువు సంగతి తేలిక. బీఎస్సీ న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీకి మీ బైపీసీ సరిపోతుంది. పుదుచ్చేరి జిప్మర్‌లోనూ, మణిపాల్‌లోనూ ఈ కోర్సు ఉంది.

అసలు పని తెల్లవారగానే మొదలవుతుంది. సీసపు కవచంలోని మాలిబ్డినం జనరేటర్ నుంచి స్కాన్‌కు వాడే రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం-99ఎం తీయాలి. దీన్ని ఈ రంగంలోవాళ్లు సరదాగా ‘ఆవును పితకడం’ అంటారు! ఆరు గంటల్లో ఆ పదార్థం రేడియోధార్మికత సగమవుతుంది. పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18కైతే 110 నిమిషాలే. రోగి ఆలస్యంగా వస్తే డోసు లెక్క మళ్లీ వేయాల్సిందే. లెక్కలంటే విసుగైతే ఈ దారి వద్దు.

ఇక పెద్దవాళ్ల భయం. సిబ్బందికి సోకే రేడియేషన్ ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు మించకూడదని అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన. ఛాతీమీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి ఎంత సోకిందో లెక్క చెబుతుంది. జాగ్రత్తగా పనిచేసేవారికి ఆ పరిమితిలో చాలా తక్కువే సోకుతుంది. ఆ మోతాదులకు సంతానం కలగకపోవడమంటూ ఉండదు. గర్భం వస్తే వెంటనే పైవాళ్లకు చెప్పాలి, పని మారుస్తారు.

చేరేముందు ఒక్కటి అడగండి: కాలేజీ ఆసుపత్రిలో స్కాన్ తీసే సొంత గామా కెమెరా, రేడియోధార్మిక మందులు సిద్ధంచేసే హాట్ ల్యాబ్ ఉన్నాయా? లేకపోతే ఫీజు కట్టకండి.