సుగంధిపాల వేరు

తిరుపతి జిల్లాలో, పులికాట్ సరస్సుకు ఉత్తరమున చిట్టమూరు కలదు. 2022వ సంవత్సరము వరకు ఇది నెల్లూరు జిల్లాలో నుండెను. ఈ ప్రాంతపు చిట్టడవులలోను, కంచెల వెంబడిని సన్నని తీగ యొకటి ప్రాకుచుండును. అదియే సుగంధిపాల. దాని ఆకుల నడిమి యీనె వెంబడి తెల్లని చార కనబడును. తీగను త్రుంచినచో పాలు కారును.

ఈ తీగ విలువ యంతయు వేరులోనే యున్నది. ఎండిన వేరును విరిచినంతనే కమ్మని వాసన వచ్చును. సంస్కృతమున దీనిని అనంతమూలమందురు. ఆయుర్వేద వైద్యులు చర్మవ్యాధులకు దీనిని వాడుదురు. వేసవిలో జనులు ఈ వేరుతో చేసిన షర్బతు త్రాగి సేదదీరుదురు. మూలికలను గుర్తించుటలో ఈ తీరపు యానాదులు పేరుపడినవారు.

ఆ సువాసన యెక్కడిది? శాస్త్రజ్ఞులు వేరును శోధించి, 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్ అను పదార్థమే దానికి ముఖ్యకారణమని కనుగొనిరి. దాని అణువులో 8 కార్బన్, 8 హైడ్రోజన్, 3 ఆక్సిజన్ పరమాణువులుండును. ఐస్‌క్రీములో వాడు వెనిలిన్‌లోను సరిగా ఇవియే కలవు. అమరికలో మాత్రమే భేదము.

ఈ పదార్థమునకు మరియొక గుణము కలదు. గాజుపళ్లెములో బాక్టీరియాను పెంచి, నడుమ వేరుసారమును ఉంచినచో, దాని చుట్టును బాక్టీరియా పెరుగని వలయమేర్పడును. గాయములకు చీము పట్టించు స్టెఫిలోకాకస్ వంటి బాక్టీరియాను సైతము ఇది అడ్డగించునని పరీక్షలలో తేలినది. శత్రుజీవుల నుండి తమ్ము రక్షించుకొనుటకు మొక్కలు ఇట్టి పదార్థములను పుట్టించుకొనును.

అట్లయిన, చీము పట్టిన గాయమునకు ఈ వేరొక్కటే చాలునా? చాలదు. గాజుపళ్లెములో సారము బాక్టీరియాను నేరుగా తాకును. త్రాగిన కషాయము జీర్ణకోశములో మార్పుచెంది, రక్తములో పలుచనగును. గాయమును చేరునప్పటికి దాని బలమెంత మిగులునో, ఎంత మోతాదు దేహమునకు హాని చేయదో పరీక్షించి తెలిసికొనవలెను. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్ గుణమును గాజుపళ్లెములోనే చూచెను. అది రోగులకు నమ్మదగిన మందుగా అందుటకు పదేండ్లకు పైగా పట్టెను.

కావున సుగంధిపాలను దాహము తీర్చు పానీయముగా ఆదరింపవచ్చును. గాయము చీము పట్టినపుడు మాత్రము వేరును నమ్మి కాలహరణము చేయక వైద్యుని చూడవలెను. పెద్దల అనుభవము మంచి మూలికను చూపును. అది మందగునో కాదో పరీక్షయే తేల్చును.