మొక్కు ఆవిడది, గుండు నాది!

ప్రశ్న: కాలేజీ రోజుల నుంచీ నేను నాస్తికుణ్ణి. మొన్న వానాకాలంలో మా ఆరేళ్ల బాబుకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే, వాడు గట్టెక్కితే నాకు తిరుపతిలో గుండు చేయిస్తానని మా ఆవిడ మొక్కుకుంది. వాడు కోలుకున్నాడు. ఇప్పుడు కొండకి బయల్దేరమంటోంది. దేవుణ్ణి ఎందుకు నమ్ముతారని అడిగితే ఒకరు భయమంటారు, ఒకరు మనశ్శాంతి అంటారు, ఇంకొకరు పెద్దలు నమ్మారుగా అంటారు. వీటిలో ఏది రుజువు? నాదే మొండితనమా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఏదీ రుజువు కాదు. దాహం వేసినంత మాత్రాన కుండలో నీళ్లున్నట్టు కాదుగా! అయితే మీ ఆవిడ ఆ రాత్రి రుజువుల కోసం చూడలేదు. ఆస్పత్రి వరండాలో కూర్చుని, రిపోర్టులో అంకె పెరిగిందో లేదోనని చూస్తూ మొక్కుకున్నారు. అదే బెంచీ మీద మీరు ఫోన్లో ప్లేట్‌లెట్ల గురించి వెతుకుతూ ఉండి ఉంటారు. ఇద్దరిదీ ఒకటే భయం. దేవుడున్నాడా అన్నది ఒక ప్రశ్న, మనిషి ఆయన్ని ఎందుకు వెతుక్కుంటాడన్నది మరో ప్రశ్న. రెండోదాని జవాబు తెచ్చి మొదటిదానికి అతికిస్తే ఒప్పుకోకండి. మొదటిదాంట్లో నెగ్గానని రెండోదాన్ని ఎగతాళీ చేయకండి.

విజయవాడ నాస్తిక కేంద్రం గోరాగారు 1940లలో సేవాగ్రాం వెళ్లి గాంధీగారితో దేవుడి గురించే వాదించారు. ఎవరి పట్టు వాళ్లదే. అయినా గోరాగారమ్మాయికి దళిత యువకుడితో పెళ్లి ఆశ్రమంలో చేయడానికి గాంధీగారు ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత, 1948లో, ఆ పెళ్లి అక్కడే జరిగింది. దేవుడి దగ్గర కుదరని ఇద్దరూ అంటరానితనం పోవాలన్న దగ్గర కలిశారు.

ఇక గుండు సంగతి. అడక్కుండా ఒకరి జుట్టు ఇంకొకరు మొక్కేయడం సబబు కాదు. ఆ మాట మెత్తగా చెప్పండి. కావాలంటే ఆవిడే మూడు కత్తెర్లు ఇచ్చుకోవచ్చు. మీరు మాత్రం బాబు చెయ్యి పట్టుకుని తోడు వెళ్లండి. క్యూలో వాణ్ణి ఆడించడానికైనా ఒకరుండాలి.

ప్రశ్న: దేవుడుంటే పుణ్యం, లేకపోతే పోయేదేం లేదు, ఎందుకైనా మంచిది ఓ దణ్ణం పడేయమంటారు మా బావగారు. ఈ లెక్క సరైందేనా?
- మరో పాఠకుడు, కాకినాడ

జవాబు: 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ వేసిన లెక్క ఇది. ఆయన పోయాక 1670లో అచ్చయిన పుస్తకంలో ఉంది. చిక్కల్లా, దణ్ణం ఎవరికన్నదే. పాస్కల్ తలచుకున్నది క్రైస్తవుల దేవుణ్ణి, మీ బావగారు బహుశా అన్నవరం సత్యదేవుణ్ణి. ఏ దేవుడి పేరు పెట్టినా సరిపోయే లెక్క ఏ దేవుణ్ణీ తేల్చలేదు. పైగా అన్నీ తెలిసిన దేవుడికి మీ ‘ఎందుకైనా మంచిది’ తెలియకుండా ఉంటుందా? బావగారు ప్రసాదం తెస్తే మాత్రం వద్దనకండి. ఆ గోధుమనూక, బెల్లం రుచి తెలియడానికి నమ్మకం అక్కర్లేదు.