సబ్ర్ అంటే కన్నీళ్ళు దిగమింగడం కాదు

పిల్లలు ఏడుస్తుంటే మన ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఏడవకు, సబ్ర్ చెయ్యి." మాట మంచిదే. కాని దాన్ని ఏ అర్థంలో వాడుతున్నామో మనం ఆలోచించుకోవాలి. నోరు మూసుకోవడమే సబ్ర్ అని పిల్లలు అనుకుంటే వారి బాధ తగ్గదు; దాన్ని మనతో చెప్పుకోవడం మాత్రం మానేస్తారు.

ఈ విషయంలో దివ్య ఖుర్ఆన్‌లోని 12వ సూరా 'యూసుఫ్' మనకు గొప్ప పాఠం నేర్పుతుంది. అది తండ్రీబిడ్డల ఎడబాటు గాథ. యూసుఫ్ (అలైహిస్సలాం)ను అన్నలు బావిలో పడవేసి, తోడేలు తినేసిందని తండ్రికి అబద్ధం చెప్పారు. అప్పుడు యాఖూబ్ (అలైహిస్సలాం) 'సబ్రె జమీల్'ను, అంటే అందమైన సహనాన్ని ఆశ్రయించారు (12:18).

ఆ సహనం ఎలాంటిదో అదే సూరా ముందు ముందు వివరిస్తుంది. కొడుకు కోసం దుఃఖించి దుఃఖించి ఆయన కళ్ళు తెల్లబడిపోయాయి (12:84). ఇంట్లోవారు అభ్యంతరం చెబితే, తన వేదనను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని బదులిచ్చారు (12:86). ఆ వెంటనే, వెళ్ళి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెతకండని, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండని కొడుకులను ఆదేశించారు (12:87).

ఇందులో మనకు మూడు విషయాలు బోధపడతాయి. దుఃఖించడం పాపం కాదు. దుఃఖాన్ని అల్లాహ్ ముందు విన్నవించుకోవాలి. ఆ తర్వాత చేతులు ముడుచుకు కూర్చోకుండా ప్రయత్నం చేయాలి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలోనూ ఇదే కనిపిస్తుంది. పసిబిడ్డ ఇబ్రాహీం చివరి ఘడియల్లో ఆయన కన్నీరు కార్చారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపడితే, ఇది కారుణ్యమని చెప్పారు. గుండెలు బాదుకోవడాన్ని, బట్టలు చింపుకోవడాన్ని ఆయన వారించారేగాని, కన్నీటిని వారించలేదు. తాను ఆడుకునే చిన్న పిట్ట చనిపోయి దిగులుగా కూర్చున్న అబూ ఉమైర్ అనే బాలుణ్ణి కూడా ఆయన పట్టించుకున్నారు. ఆ పిట్ట సంగతే అడిగి మురిపెంగా పలకరించారు. పిట్ట పోతే ఏడుపెందుకని గద్దించలేదు.

మన విషయానికి వద్దాం. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప, రాయచోటి ప్రాంతాల్లో తండ్రి గల్ఫ్‌లో, పిల్లలు ఇక్కడ పెరిగే ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పండుగనాడు పక్కింటి పిల్లలు తండ్రుల చేయి పట్టుకొని ఈద్‌గాహ్‌కు పోతుంటే ఈ పిల్లలకు మనసు చివుక్కుమంటుంది. "అబ్బా నీ కోసమే కష్టపడుతున్నారు, ఏడిస్తే ఆయనకు బాధ" అని వారి నోరు మూయించడం సబ్రె జమీల్ నేర్పడం కాదు. "అవును బేటా, నాకూ అబ్బా గుర్తొస్తున్నారు. ఇద్దరం కలిసి ఆయన కోసం దుఆ చేద్దాం" అని తల్లి అంటే, బిడ్డ బాధకు తోడూ దొరుకుతుంది, దారీ దొరుకుతుంది. సౌదీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. తండ్రి డ్యూటీ చూసుకొని వారంలో ఒక వేళ ఖాయం చేసుకోవాలి. ఆ ఫోన్‌లో మార్కులు, ఖర్చుల లెక్కలే కాకుండా, పిల్లవాడు తన కబుర్లు చెప్పుకునే తీరిక ఉండాలి.

రెండో పరీక్ష ఇంటర్, పదో తరగతి ఫలితాల నాడు ఎదురవుతుంది. ఫెయిలైన బిడ్డ ఇంటికొచ్చినప్పుడు ఏం చేయాలో ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఖదీజా (రజి)ను చూసి నేర్చుకుందాం. హిరా గుహ నుంచి దైవప్రవక్త (స) వణుకుతూ వచ్చినప్పుడు ఆమె ముందు దుప్పటి కప్పారు. ఆయన చెప్పిందంతా విన్నారు. బంధువులను ఆదరించడం, బలహీనుల భారం మోయడం వంటి ఆయన సుగుణాలను గుర్తుచేసి, అల్లాహ్ మిమ్మల్ని అవమానపరచడని ధైర్యం చెప్పారు. తర్వాత విషయం తెలిసిన వరఖా బిన్ నౌఫల్ దగ్గరకు తీసుకెళ్ళారు. మనమూ అదే వరుస పాటించాలి. మొదట అన్నం పెట్టి అక్కున చేర్చుకోవాలి. తర్వాత వినాలి. బిడ్డలోని మంచిని గుర్తుచేయాలి. ఆ తర్వాతే సప్లిమెంటరీ సంగతి మాస్టారుతో మాట్లాడాలి. ఆ రోజున బంధువుల పిల్లలతో పోలిక తేకూడదు.

ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానతు. బిడ్డ తిండి, నిద్ర మానేసి మౌనంగా ఉన్నా, చచ్చిపోతానన్నా తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు. మనసుకు చికిత్స చేయించడం ఈమాన్ లోపం కాదు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా తాకీదు చేశారు.

ఇవేవీ ఆపద వచ్చిన రోజున హఠాత్తుగా అలవడేవి కావు. ఇషా నమాజు తర్వాత టీవీ, ఫోన్లు పక్కన పెట్టి పది నిమిషాలు ఇంటిల్లిపాదీ కూర్చుందాం. ఈ రోజు సంతోషం కలిగించిన విషయం ఒకటి, బాధ కలిగించిన విషయం ఒకటి అందరూ చెప్పాలి. పెద్దలూ చెప్పాలి. మొదటిదానికి అల్హమ్దులిల్లాహ్ అందాం, రెండోదాని కోసం దుఆ చేద్దాం. ఒంటరిగా ఇల్లు నెట్టుకొస్తున్న తల్లి బాధను వినడం ఇంటి పెద్దల బాధ్యత. ఆమె మనసు కుదుటపడితేనే పిల్లల మనసు కుదుటపడుతుంది.

యాఖూబ్ (అలైహిస్సలాం)కు చూపునూ, బిడ్డనూ తిరిగి ప్రసాదించిన అల్లాహ్ మన ఇళ్ళలోనూ ఎడబాట్లను కలయికలుగా మార్చుగాక! మన పిల్లలకు అందమైన సహనాన్ని, వారి మాట ఆలకించే ఓర్పును మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.