నవరాత్రులకి పిల్లల వాద్యబృందం: ఏ పాటతో మొదలుపెట్టాలి?

"మా అపార్ట్‌మెంట్‌లో నలుగురు వయొలిన్, ఇద్దరు వీణ, ఒకరు ఫ్లూట్ నేర్చుకుంటున్నారు. దసరాకి అమ్మవారి ముందు అందరూ కలిసి ఏం వాయిస్తే బాగుంటుంది?" అని చాలామంది అడుగుతున్నారు. ఇవాళ్టి పాఠం దాని గురించే.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. పోయినేడాది రాజమండ్రిలో మా కాలనీ పిల్లలకి పెద్ద కీర్తన ఒకటి పట్టించాను. వయొలిన్ మొదలుపెట్టి ఆరు నెలలే అయిన ఓ చిన్నపిల్లకి గమకాలు పడట్లేదు. "నువ్వు కమాను తీగకి ఆనించకుండా ఊరికే ఆడించమ్మా" అన్నాను. చెప్పినట్టే చేసింది. ప్రసాదం తీసుకుంటూ, "మాస్టారూ, నాది అమ్మవారికి వినపడలేదు కదా?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

తప్పు పిల్లది కాదండి, నేను పాటని ఎంచుకోవడంలోనే ఉంది. మరి ఎలా ఎంచుకోవాలి?

మొదటి మెట్టు: నొట్టుస్వరం. ముత్తుస్వామి దీక్షితులవారు (1775–1835) యూరోపియన్ బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృతంలో దేవతాస్తుతులు రాశారు. అవే నొట్టుస్వరాలు. ఇలాంటివి సుమారు 40 ఉన్నాయి. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ తెచ్చినవాళ్లలో ముందువరసలో ఉంటారు. నొట్టుస్వరాలన్నీ శంకరాభరణం స్వరాల్లోనే నడుస్తాయి, గమకాలు ఉండవు. అందుకే పదిమంది కలిసి వాయించినా సులువుగా కలుస్తాయి.

వీటిలో మీనాక్షి అమ్మవారి మీద ఉన్న "శ్యామలే మీనాక్షి" చూడండి. దాని బాణీ మీరు నర్సరీలో పాడుకున్న ట్వింకిల్ ట్వింకిల్ బాణీయే! ప్రపంచమంతా పేరున్న సుజుకీ వయొలిన్ పద్ధతి మొదటి పుస్తకం కూడా దీంతోనే మొదలవుతుంది. కారణం ఉంది. పాట ఎత్తుగడలో వచ్చేవి సా, పా. మన వయొలిన్ నాలుగు తీగలూ సా, పా, సా, పా అనే శ్రుతి చేస్తాం. అంటే ఎడమచేతి వేలు పెట్టకుండానే పాట మొదలైపోతుంది.

రెండో మెట్టు: అందరికీ నిజమైన పని. వచ్చినవాళ్లు బాణీ వాయిస్తారు. కొత్తవాళ్లు ఖాళీ తీగల మీద సా, పా తాళానికి సరిగ్గా పలికిస్తారు. ఇది ఉత్తుత్తి పని కాదు. ఆధారశ్రుతి నిలబడితేనే పాట నిలబడుతుంది. వేణువు శ్రుతి మారదు కాబట్టి వీణ, వయొలిన్‌లనే దానికి సరిచేసుకోండి.

మూడో మెట్టు: హంసధ్వని. సరిగపని, ఐదే స్వరాలు. అన్నీ శంకరాభరణంలో ఉన్నవే కాబట్టి వేళ్లకి కొత్త చోట్లు వెతుక్కోనక్కర్లేదు. గమకం మాత్రం ఇక్కడ నెమ్మదిగా మొదలుపెట్టండి.

వినాల్సినవి. మాణిక్యాంబ అమ్మవారు కొలువున్న ద్రాక్షారామంలోనే 1922లో ఈమని శంకరశాస్త్రిగారు పుట్టారు. వీణ విద్వాంసులుగానే కాదు, ఆకాశవాణి జాతీయ వాద్యబృందానికి రచనలు చేసినవారుగానూ ఆయనకి పేరు. ఎవరెస్టు ఆరోహణ మీద ఆయన చేసిన "ఆదర్శ శిఖరారోహణం" వినండి. ఆయన శిష్యులు, మన కాకినాడలో పుట్టిన చిట్టిబాబుగారి "కొమ్మలో కోయిల" కూడా వినిపించండి. ఇవి పిల్లలు ఇప్పుడే వాయించేవి కావు. వాద్యం మాట లేకుండా ఎంత చెప్పగలదో తెలియడానికి.

ఈ ఏడాది మా బృందంలో ఆ పిల్ల వంతు సా, పా. రిహార్సల్‌లో తను ఒక్క ఆవర్తం ఆపితే మిగతావాళ్లందరూ తిరిగి చూశారు. "ఏంటీ, నాది వినపడుతోందా?" అని నవ్వింది.

మీ బృందంలో కూడా కమాను ఊరికే ఆడించేవాళ్లు ఎవరూ ఉండకూడదండి. శుభం.